తీగ పూయకపోతే తప్పెవరిది?

మా గోదావరి జిల్లాల్లో పెరట్లో సన్నజాజి తీగ వాడిందంటే, ముందు తీగను చూసేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఆడవాళ్ళను చూసేవాళ్ళే ఎక్కువ. "ఎవరి కళ్ళు పడ్డాయో!" అంటుంది ఒకావిడ. "దూరంగా వున్న రోజుల్లో ఎవరో నీళ్ళు పోసుంటారు" అంటుంది రెండో ఆవిడ. "కొత్త కోడలి చెయ్యి మంచిది కాదేమో" అని మూడో ఆవిడ మెల్లగా, సరిగ్గా కోడలికి వినబడేటంత మెల్లగా, అంటుంది. ఈ ముగ్గురిలో ఒక్కరైనా వంగి, తీగ మొదట్లో మట్టి తడిగా వుందో పొడిగా వుందో చూడరు. మట్టిలో పెట్టి చూడవలసిన వేలును మనిషి వైపు ఎత్తి చూపిస్తారు.

ఇదేం పెద్ద విషయమా, పూలమొక్క గొడవ, అని కొట్టిపారెయ్యకండి. పూయని తీగను మనవాళ్ళు ఏమంటారు? గొడ్డు తీగ అంటారు. పిల్లలు కలగని కోడలికి వాడే మాట కూడా అదే. రెండింటికీ ఒకే మాట వాడుకునే ఇళ్ళల్లో, తీగ మీద ఇచ్చే తీర్పు తీగ దగ్గర ఆగదు. కారణం వెతక్కుండా ఆడదాన్ని నేరస్తురాలిని చెయ్యడం అనే విద్యకు పెరటి పందిరి మొదటి బడి. అందుకే ఈ గొడవ పెట్టుకుంటున్నాను. ఏడాది పొడుగునా పచ్చగా వుండి పూలిచ్చే తీగలకు, సన్నజాజి కానివ్వండి, మల్లె కానివ్వండి, రాధామనోహరం కానివ్వండి, జబ్బు చేస్తే దానికి కారణం మన్నులో వుంటుంది, నీళ్ళలో వుంటుంది, ఎండలో వుంటుంది, పురుగులో వుంటుంది. ఆడదాని అదృష్టంలోనూ, కళ్ళలోనూ, ఒంట్లోనూ వుండదు. ఒక్కొక్క నేరమే విచారిద్దాం.

మొదటి నేరం: ఆకులు పండబారి రాలిపోవడం. దీనికి ఇంట్లో పెట్టే పేరు దిష్టి. అసలు పేరు నీళ్ళు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ మనకు నీళ్ళంటే భాగ్యం. నీళ్ళు ఎక్కువైతే కష్టమనే మాట మన చెవికెక్కదు. కాని కాలువలు పారే రోజుల్లో పంటబోదె పక్కనున్న పెరట్లో అడుగు లోతు తవ్వితే నీరు ఊరుతుంది. పైగా మనది చాలాచోట్ల నల్లమట్టి. తాగిన నీటిని ఒక పట్టాన వదలదు. వేళ్ళకు కూడా గాలి కావాలి. బురదలో వేళ్ళు కుళ్ళితే అవి నీటిని పైకి పంపలేవు కనక, కింద చెరువంత తడి వున్నా పైన ఆకు దాహం వేసినట్టే వేలాడుతుంది. అది చూసి, "అయ్యో, వాడిపోతోందే" అని ఇంకో రెండు బిందెలు గుమ్మరిస్తాం. తీగ చచ్చిపోతుంది. అప్పుడు దిష్టి తగిలిందంటాం.

మందు చాలా చిన్నది. రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట చెంబు కింద పెట్టండి. కొత్తగా నాటేవాళ్ళు నేలకంటె జానెడు ఎత్తుగా మడి కట్టి, నల్లమట్టిలో ఇసుకా, ఎర్రమట్టీ, బాగా మాగిన పశువుల ఎరువూ కలిపి నాటుకోండి. గోదావరి ఒడ్డున వుండి ఇసుక గురించి నేను మీకు చెప్పాలా?

ఇంకో రకం పండబారడం వుంది. లేత ఆకు మీద ఈనెలు ఆకుపచ్చగానే వుండి, మధ్యభాగం మాత్రం పాలిపోతుంది. అది ఇనుము అందకపోవడం. సున్నం ఎక్కువైన నేలలోనూ, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరునుంచి వచ్చే ఉప్పునీళ్ళతోనూ ఇది వస్తుంది. లీటరు నీళ్ళకు అయిదు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి, సాయంకాలం పూట ఆకుల మీద చల్లితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. అదే ముదురు ఆకులు కింద నుంచి పండుతూ వస్తే అది ఆకలి. ఎరువు వెయ్యాలి. చూశారా, తీగ ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో! దిష్టి అయితే ఈనెల్ని వదిలిపెట్టి మధ్యలో మాత్రమే తగులుతుందా?

మా వీధిలో ఒక ఇంట్లో పాతికేళ్ళుగా పూస్తున్న సన్నజాజి, కొడుకు పెళ్ళయిన ఆరునెలల్లో బోసిపోయింది. "ఈ పిల్ల అడుగుపెట్టిన వేళావిశేషం" అని అత్తగారు వీధి వీధంతా చెప్పుకుంది. ఒకరోజు వెళ్ళి అడిగాను.

"పిన్నిగారూ, ఈ పెరడంతా సిమెంటు ఎప్పుడు చేయించారు?"

"పెళ్ళికేనమ్మా. చుట్టాలొస్తారు, బురదగా వుంటే బావుండదని."

"తీగ మొదలు చుట్టూ కూడా చేయించేశారేం?"

"శుభ్రంగా వుంటుంది కదా అని."

"బట్టలుతికే మెషీను ఎప్పుడొచ్చింది?"

"కోడలి పుట్టింటివాళ్ళు పెట్టారు. పెళ్ళికే."

"దాని గొట్టం ఎక్కడ వదిలారు?"

పిన్నిగారు జవాబు చెప్పలేదు. గొట్టం జాజి పాదులోనే వుంది. కొత్త సిమెంటు సున్నం, రోజూ సబ్బునీళ్ళు, వేళ్ళకు గాలి ఆడకపోవడం — ఇన్ని కలిస్తే ఏ తీగ బతుకుతుంది? తాపీమేస్త్రీ చేత మొదలు చుట్టూ రెండడుగుల మేర పగలగొట్టించి, గొట్టం మళ్ళించి, మట్టి మార్పించారు. రెండు వానలు పడేసరికి చిగురు తొడిగింది. "బతికావే తల్లీ!" అని పిన్నిగారు తీగను నిమిరింది. కోడలికి మాత్రం ఎవరూ ఒక్క మంచిమాట చెప్పలేదు.

రెండో నేరం: పచ్చగా ఏపుగా వుంది, పూయదు. ఇదీ గొడ్డుతనం కిందికి వచ్చేది. ఎప్పుడూ పచ్చగా వుండే తీగలతో వచ్చిన చిక్కే ఇది. ఆకు చూసి మనం మురిసిపోతాం. ఆకు వేరు, పువ్వు వేరు. యూరియా గుప్పెళ్ళతో వేస్తే ఆకు దట్టంగా వస్తుంది, పువ్వు రాదు. పక్కింటివాళ్ళు రెండో అంతస్తు వేసి ఎండ ఆపేస్తే పువ్వు రాదు. రోజుకు అయిదారు గంటల ఎండ లేనిదే జాజి మొగ్గ తొడగదు. అన్నిటికంటె పెద్ద కారణం, మనం కత్తెర పట్టం. పచ్చని కొమ్మ కొయ్యడం పాపమని ఏళ్ళతరబడి వదిలేస్తాం. పాత కొమ్మలు పందిరి మీద పరుపులా పేరుకుపోతాయి. పువ్వు వచ్చేదేమో కొత్త చిగురు చివర!

మల్లెతోటల రైతుల్ని చూడండి. చలికాలంలో నీళ్ళు ఆపేస్తారు, కొమ్మలు కత్తిరిస్తారు, ఆకు దూస్తారు. ఆకు తీసెయ్యడానికి తోటలోకి గొర్రెల్ని తోలేవాళ్ళు కూడా వున్నారు. మన కళ్ళకు తోట చచ్చిపోయినట్టుంటుంది. తరవాత ఎరువు వేసి నీళ్ళు పెడితే, వేసవి వచ్చేసరికి మొగ్గ విరగబూస్తుంది. అంటే, పూలు కావాలంటే తీగకు కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదికి పన్నెండు నెలలూ పనిచెయ్యమనకూడదు. ఈ న్యాయం తీగకు మాత్రమేనా, ఇంట్లో ఇంకెవరికైనా వర్తిస్తుందా అన్నది మీరే ఆలోచించుకోండి.

కాగితంపూల తీగది మరీ విచిత్రం. దానికి ఎంత సేవ చేస్తే అంత మొండికేస్తుంది. రోజూ నీళ్ళు పోస్తే ఆకులు మాత్రమే ఇస్తుంది. కుండీ బాగా ఆరనిచ్చి, మంచి ఎండలో పెడితే రంగులు విరజిమ్ముతుంది. మనం పువ్వనుకునే ఆ రంగు కాగితం కూడా నిజానికి ఆకే. అసలు పువ్వు దాని మధ్యలో తెల్లగా, సన్నగా, ఎవరికంటా పడకుండా వుంటుంది.

మూడో నేరం అన్నిటికంటె దారుణమైనది. మొగ్గలు విచ్చకుండానే ఎర్రబారి రాలిపోతే, "ముట్టు తగిలింది" అంటారు.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మూడు రోజులు బయట కూర్చోవడం పోయింది. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళు కూర్చుంటే గడవదు కనక పోయింది. కాని, "తులసికోట దగ్గరికి వెళ్ళకు, జాజి తీగ ముట్టకు, ఆవకాయ జాడీ తియ్యకు" అనే మూడు మాటలు మాత్రం డిగ్రీ చదివిన ఇళ్ళల్లో కూడా పోలేదు. ఇది మన శాస్త్రమని గర్వపడేవాళ్ళకు ఒక సంగతి చెప్తాను. రోము నగరంలో ప్లినీ అనే పెద్దమనిషి మొదటి శతాబ్దంలోనే ఈ మాట రాసిపెట్టాడు. ఆ రోజుల్లో ఆడది ముడితే మొక్కలు మాడిపోతాయన్నాడు. ఇంకా వినండి. 1920లో వియన్నాలో బేలా షిక్ అని పేరున్న వైద్యుడు, డిఫ్తీరియా పరీక్ష ఒకటి ఈయన పేరు మీదే వుంది, బహిష్టులో వున్న ఒక పరిచారిక పట్టుకున్న పూలు త్వరగా వాడిపోయాయని, ఆ సమయంలో ఆడవాళ్ళ ఒంట్లో ఏదో విషం వుంటుందని రాశాడు. ఆ విషం కోసం తరవాతివాళ్ళు దశాబ్దాల తరబడి వెతికారు. దొరకలేదు. అలాంటి విషం వుందనే వాదం నిలబడలేదు. పూలు వాడడానికి వేసవీ, కిటికీ గాలీ చాలవు కాబోలు, అంత చదువుకున్న మనిషికీ చప్పున పనిమనిషే గుర్తొచ్చింది!

అంత దూరం ఎందుకు, రాజమండ్రి దాటి కడియం వెళ్ళండి. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు — ఎటు చూసినా నర్సరీలు. దేశంలో ఎక్కడెక్కడికో లారీల్లో మొక్కలు వెళ్తున్నాయి. ఆ మొక్కల సంచుల్లో మట్టి నింపేదీ, కొమ్మలు కత్తిరించి గుచ్చేదీ, నీళ్ళు చల్లేదీ, కలుపు తీసేదీ ఎక్కువగా ఆడకూలీలే. నెలలో ఏ రోజైనా అంతే. అక్కడ సన్నజాజి మొక్కలు సర్దుతున్న ఒకామెను, నేను కావాలనే, ఈ మాట అడిగాను.

ఆమె నవ్వింది. "అదేటండమ్మగోరూ! నెలకి మూడ్రోజులు మొక్క ముట్టుకోపోతే కూలెవరిత్తారండీ? మేం ముట్టుకుంటే సచ్చేదైతే ఇక్కడ మొక్కన్నదే ఉండదండి" అంది.

ఆమె చెప్పిన ఈ ఒక్క మాట ముందు ప్లినీ, షిక్ ఇద్దరూ దిగదుడుపే. ఆమె చేతులమీదుగా వచ్చిన మొక్కను కొనుక్కుని, ఇంటికి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి నాటుతాం. ఆ తరవాత మన సొంత కూతుర్ని దాని దగ్గరికి రానివ్వం!

మరి మొగ్గ ఎందుకు రాలింది? రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. చిన్న పురుగు లోపల తొలుస్తూ కనిపిస్తుంది. మొగ్గ అడుగున ఉబ్బి, ఊదారంగు తిరిగి గిడసబారితే అది చిన్న ఈగ పెట్టిన గుడ్లనుంచి వచ్చిన పురుగు పని. పాడైన మొగ్గల్ని రోజూ ఏరి కాల్చెయ్యండి. పందిరి కింద రాలిన చెత్త ఊడ్చి, మట్టిని పైపైన గుల్ల చెయ్యండి. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునురగ కలిపి సాయంత్రం చల్లండి. ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా వుండి, కాండం మీద చీమలు బారులు తీరితే, ఆకు వెనక్కి తిప్పండి. దూదిలా పిండినల్లి వుంటుంది. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి, ఆ జిగురు మీదే మసి పెరుగుతుంది. ముందు నీళ్ళు గట్టిగా కొట్టి కడిగెయ్యండి, తరవాత వేపనూనె చల్లండి. పందిరికి గుమ్మడికాయ కట్టుకుంటానంటే కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆకు వెనక చూశాకనే కట్టండి.

నాలుగో నేరం: నర్సరీనుంచి తెచ్చిన మొక్క నెల తిరక్కుండా చచ్చిపోవడం. దీనికి "చేతి వాసి" లేదంటారు. ఎవరి చేతి వాసి? అక్కడ వలకింద నీడలో, రోజుకు రెండుసార్లు నీటితుంపర్లలో పెరిగిన పిల్ల అది. తెచ్చిన రోజే మిట్టమధ్యాహ్నపు ఎండలో నాటితే ఏమవుతుంది? వారం పది రోజులు నీడపట్టున వుంచి, రోజుకు కాస్త ఎండ అలవాటు చెయ్యాలి. ప్లాస్టిక్ సంచి పూర్తిగా కోసి తీసెయ్యాలి. సంచితోనే పాతిపెట్టినవాళ్ళను నేను చూశాను. లోపల వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోయి వుంటే మెల్లగా విడదియ్యాలి, లేకపోతే అవి ఎన్నాళ్ళయినా ఆ చుట్టులోనే తిరుగుతాయి. తొలకరి తరవాత నాటితే మరీ మంచిది. పుట్టింటినుంచి వచ్చిన మొక్క కొత్త మట్టికి అలవాటుపడడానికి నాలుగు రోజులు గడువియ్యాలి అంటే మనకు అర్థం కాకపోదు. మనమూ అలా వచ్చినవాళ్ళమే.

ఇక తీగ చచ్చిపోతే తప్పు ఆడదానిది. మరి పందిరి నిండా పూస్తే? అప్పుడు మాత్రం "మావారికి మొక్కలంటే ప్రాణమండీ!" కాగితంపూల తీగ కథే చూడండి. దానికి ఫ్రెంచి నౌకాధిపతి బూగన్విల్ పేరు పెట్టారు. 1766లో ఆయన మొదలుపెట్టిన ప్రపంచయాత్రలో వృక్షశాస్త్రజ్ఞుడు కామెర్సన్‌కు సహాయకురాలిగా జాన్ బరే అనే ఆవిడ వెళ్ళింది. ఆడవాళ్ళను ఓడ ఎక్కనివ్వని రోజులు కనక మగవేషం వేసుకుని వెళ్ళింది. 1767లో బ్రెజిల్‌లో ఈ తీగను సేకరించేనాటికి కామెర్సన్ కాలిపుండుతో బాధపడుతున్నాడు. కొండలెక్కి కొమ్మ కోసుకొచ్చింది ఆవిడే అయివుంటుందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ప్రపంచం చుట్టివచ్చిన మొదటి స్త్రీగా ఇప్పుడావిడను చెప్పుకుంటున్నారు. కాని తీగకు నిలిచింది కెప్టెన్ పేరే. ఆవిడ పేరును వంగజాతి మొక్క ఒకదానికి శాస్త్రీయంగా పెట్టడానికి 2012 రావలసివచ్చింది.

మన ఇళ్ళల్లో అంతకంటె బాధాకరమైన సంగతి ఇంకొకటి వుండేది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అప్పటికీ, ఆ తరవాత చాలా కాలానికీ కూడా, ఎన్ని పెరళ్ళలో జాజి పందిళ్ళకు నీళ్ళు పోసింది భర్త పోయిన మేనత్తలూ, పెద్దమ్మలూ కాదు! తెల్లవారుజామున లేచి బావి తోడి పోసేవారు. సాయంత్రం మొగ్గలు కోసి, మాల కట్టి, ఇంట్లో పిల్లలందరికీ జడల్లో తురిమేవారు. ఒక్క పువ్వు తమ తల్లో పెట్టుకునే హక్కు వాళ్ళకు లేదు. ఆ చేతులతో పెరిగిన తీగలు మరి చచ్చిపోయాయా? విరగబూశాయి. మైల, అశుభం, నష్టజాతకం అని మనుషులు పెట్టుకున్న పేర్లేవీ తీగకు పట్టలేదు.

"పెద్దవాళ్ళు చెప్పినదంతా కొట్టిపారేస్తావేమమ్మా" అని మీరనవచ్చు. అంతా కొట్టిపారెయ్యను. సంధ్యవేళ దాటాక చెట్టుమీద చెయ్యి వెయ్యొద్దనేవారు మా అమ్మమ్మ. పురుగూ పుట్రా చీకట్లో కనపడవు కనక ఆ మాటలో అర్థముంది. కారణం చెప్పగల మాటను కళ్ళకద్దుకుంటాను. కారణం అడిగితే "ఆడపిల్లవి, నీకెందుకు" అనే మాటను మాత్రం పాదులోంచి కలుపు పీకినట్టు పీకెయ్యాలంటాను. "నమ్మితే నష్టమేముంది" అనేవాళ్ళకు కూడా ఇదే జవాబు. నష్టం రెండు విధాలు. దిష్టి తీసి కూర్చుంటే వేరుకుళ్ళు ఆగదు, తీగ చస్తుంది. పన్నెండేళ్ళ పిల్లను "నువ్వు ముట్టుకున్నావు, అందుకే మాడిపోయింది" అంటే, ఆ పిల్ల తన చేతుల్ని తనే అసహ్యించుకోవడం నేర్చుకుంటుంది. తీగను మళ్ళీ నాటుకోవచ్చు. ఆ పిల్ల మనసులో పడినదాన్ని ఏ కత్తెరతో కత్తిరిస్తారు?

అంచేత, అమ్మలారా, అక్కచెల్లెళ్ళారా, ఈసారి పుష్యమాసంలో పండగ పిండివంటల హడావుడి తీరగానే ఒక పదునైన కత్తెర తీసుకుని పందిరి దగ్గరికి వెళ్ళండి. ఎండుకొమ్మలూ, అల్లిబిల్లిగా పేనుకున్న ముసలికొమ్మలూ కోసెయ్యండి. మొదలు చుట్టూ సిమెంటు వుంటే పగలగొట్టించండి. రెండు తట్టల మాగిన ఎరువు వెయ్యండి. వెళ్ళేటప్పుడు మీ అమ్మాయిని కూడా వెంట తీసుకువెళ్ళండి, నెలలో ఏ రోజైనా సరే. కత్తెర ఆ పిల్ల చేతికివ్వండి. వేసవిలో ఆ కొమ్మకు వచ్చే మొదటి దోసెడు పూలు ఆ పిల్ల జడలోనే పెట్టండి.